అయ్య రుచి చూసిన లినక్స్

మా అయ్య తెల్లవారుజామునే లేచి ముందు ల్యాప్‌టాప్ మీట నొక్కేవాడు, తర్వాత పొయ్యి రాజేసేవాడు. నీళ్లు కాగేవి, కాఫీ పొడి పడేది, ప్రార్థన అయ్యేది, కాఫీ తాగడం అయ్యేది, గ్లాసు కడిగి బోర్లించడం కూడా అయ్యేది. తెర మీద చుక్కలు మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. నేను దుప్పట్లోంచి అది చూసి పళ్లు నూరుకునేదాన్ని. అయ్య మాత్రం దాన్ని వెనకేసుకొచ్చేవాడు. "లెగుత్తాదిలే. ఈ సలిలో నానైనా అంత బేగి లెగుత్తన్నానేటి?"

ఆ ల్యాప్‌టాప్ నేను టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నది. నాకు ఫోనే సరిపోతోందని తేలాక అది అయ్య చేతికి చేరింది. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నాకు పెళ్లెందుకు కాలేదని అడిగేవాళ్లు అడిగి అడిగి అలసిపోయారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ వదిలేస్తాను. అయ్య ఉపదేశిగా పనిచేశాడు, అంటే ఫాదరుగారు రాలేని కొండ ఊళ్లకు కాలినడకన వెళ్లి ప్రార్థన చెప్పించే మనిషి. మోకాళ్లు అరిగాక ఆ పని మానేసి ఇంటిపట్టున ఉన్నాడు. అమ్మ పోయిన ఏడాది నుంచి ఇంకో పని పెట్టుకున్నాడు. వాళ్లమ్మ, అంటే మా నాన్నమ్మ, పాడిన పాటలు రాయడం.

ఆ పాటలు మా కొండ ఒడియాలో ఉంటాయి. చోడి చేలో, అంటే రాగి చేలో, కలుపు తీస్తూ పాడేవి, పిల్లను వీపున కట్టుకుని సంతకు నడుస్తూ పాడేవి, ఊరికే ఎవర్నో ఏడిపించడానికి పాడేవి. అయ్య వాటిని తెలుగు అక్షరాల్లో రాసేవాడు. నాకు ఆ భాష రాదు. అమ్మది సాలూరు, ఇంట్లో తెలుగే నడిచింది, బడిలో కొండ భాష మాట్లాడితే పక్క బెంచీవాళ్లు నవ్వేవారు. అంచేత నేను తెలుగులో నవ్వడం, తెలుగులో తిట్టడం నేర్చుకుని పెద్దదాన్నయ్యాను.

బజారులో చర్చి కరపత్రాలు అచ్చువేసే అతను అయ్యకు ఆ ల్యాప్‌టాప్‌లో పాతకాలపు తెలుగు టైపింగు ఏర్పాటు ఏదో పెట్టిచ్చాడు. ఏ మీటకు ఏ అక్షరమో అయ్య చిన్న చిన్న కాగితం ముక్కల మీద నీలం పెన్నుతో రాసి, మీటల మీద అంటించి, పైన టేపు వేశాడు. రెండు చూపుడు వేళ్లతో, కోడి గింజలు ఏరినట్టు, ఒక్కో అక్షరం ఏరి రాసేవాడు. పొద్దుటికొక పాట. ఎక్కువ రాయడు, తక్కువ రాయడు.

ఒక శీతాకాలం పొద్దున కలుపు పాట సగంలో ఉండగా యంత్రం బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ తెరిస్తే పాట లేదు. అయ్య పెద్దగా బాధపడలేదు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. కానీ రెండోసారి రాసేటప్పుడు ఒక చరణం రాలేదు. కళ్లు మూసుకుని ముందు చరణం పాడుకుంటూ వస్తాడు, ఆ చోటికి వచ్చి ఆగిపోతాడు, మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. ఎండ వాకిట్లోకి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. చరణం రాలేదు.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ నాతో అన్నాడు. "నా బుర్రలోనూ దాని బుర్రలోనూ తప్ప ఈ పాటలు ఇంకెక్కడా లేవు గుంటా. రెండూ పాడయిపోతన్నాయి."

నాకు భయం వేసింది. నాకు భయం వేస్తే అది కోపంగానే బయటికొస్తుంది. ఆ చెత్త డబ్బా తీసుకెళ్లి గెడ్డ నీళ్లలో పడేసి కొత్తది కొంటానని అరిచాను. కొత్తదానికి తన అక్షరాలు అంటించి ఉండవు కదా అన్నాడు అయ్య, చిక్కుడు గింజల మీంచి తల ఎత్తకుండానే. అంతలో ఆ ల్యాప్‌టాప్ కూడా తన మాట తాను చెప్పింది. ఇకమీదట ఈ విండోస్‌కు మరమ్మతులు రావని, కొత్త విండోస్‌ను ఈ యంత్రం మోయలేదని తెర మీద ఒక ప్రకటన వెలిసింది. తీసేసినా మర్నాడు మళ్లీ వెలిసేది.

మా బడి లెక్కల టీచరును నేను అక్కా అని పిలుస్తాను. నాకంటే ఏం పెద్ద కాదు, కానీ ఆవిడ ముందు అక్కా అనక తప్పదు, అలాంటి మనిషి. బడిలో మూలపడ్డ కంప్యూటర్లన్నిటికీ విండోస్ తీసి, దాని బదులు పైసా ఖర్చు లేకుండా దొరికే లినక్స్ ఎక్కించి నడిపిస్తోంది. సంగతంతా విని, పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ వేస్తే ఇంకో అయిదారేళ్లు హాయిగా నడుస్తుందని, కాకపోతే తను చెప్పినట్టు వినాలని షరతు పెట్టింది. షరతులు మూడే. ముందు ఉన్న సరుకంతా రెండు చోట్ల దాచాలి. తర్వాత పెన్ డ్రైవ్ నుంచి లినక్స్‌ను ఊరికే నడిపి చూడాలి, అప్పుడు లోపలున్నదేదీ చెరగదు. అంతా బాగుందని తేలాకే పాతది చెరిపి కొత్తది ఎక్కించాలి. అది కూడా ఇంట్లో కాదు, బడిలో, ఇన్వర్టరు ఉన్న గదిలో. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. సగం ఎక్కాక కరెంటు పోతే అటూ ఇటూ కాకుండా పోతుంది, మా కొండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో కరెంటుకే తెలియదు.

నేను అప్పుడే ఎక్కించేద్దామన్నాను. అక్క కళ్లజోడు మీంచి చూసింది. "ఏటమ్మా నీ తొందర? పెసరట్టేటి, పెనం మీద పోసి తిరగేసీడానికి?"

శుక్రవారం రాత్రి భోజనానికి ముందు పాటలన్నీ రెండు పెన్ డ్రైవ్‌లలోకి ఎక్కించాను. ఒకటి నా సంచిలో వేసుకున్నాను. రెండోది అయ్య అడిగి తీసుకున్నాడు. కాసేపటికి చూస్తే స్టూలెక్కి, పొయ్యి మీద వేలాడే ఎండు ఆనపకాయ బుర్రలో చోడి విత్తనాలతో, బూడిదతో పాటు దాన్నీ వేసి మూతి బిగిస్తున్నాడు. పొగకు పాడవుతుందని మొత్తుకున్నాను. విత్తనాలు పాడవుతున్నాయా అని అడిగాడు. విత్తనం ఒక్క ఇంట్లో ఉంచరని, కొంత కూతురింట్లోనో చెల్లెలింట్లోనో దాస్తారని, ఒకచోట పురుగు పట్టినా ఇంకోచోట మిగులుతుందని చెప్పాడు. అక్క చెప్పిన మొదటి షరతు కూడా అదే కాబట్టి నేను వెళ్లి స్టూలు కదలకుండా పట్టుకున్నాను.

శనివారం బడికి సెలవు. ల్యాప్‌టాప్‌ను ఒంటరిగా పంపడానికి అయ్య ఒప్పుకోలేదు. మంకీ క్యాప్ పెట్టుకుని, దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆటోలో నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా మంచు, ముందు పోయే జీపు వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు.

అక్క పెన్ డ్రైవ్ గుచ్చి మీట నొక్కింది. నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోపు తెర వెలిగి, మాకేం కావాలో అడుగుతున్నట్టు నిలబడింది. ఆ యంత్రం జన్మలో అంత చురుగ్గా లేచి ఉండదు. అయ్య నోరు తెరిచి చూశాడు. అక్క ఒక్కొక్కటీ పరీక్ష పెట్టింది. నెట్ వచ్చింది, పాట వినబడింది, కెమెరాలో మా ముగ్గురి మొహాలూ కనబడ్డాయి, ప్రింటరు కాగితం కక్కింది. మూత వేసి తీస్తే నిద్రపోయి లేచింది. చివరికి తెలుగు. "అరకు సంత శుక్రవారం" అని టైపు చేసింది, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ఇంక చెరిపేయమన్నాను నేను. అక్క కూడా సరేనని ఎక్కించే బొమ్మ మీదకు బాణం తీసుకెళ్లింది. అప్పుడు అయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆగండమ్మా. పెద్దోడు రుసి సూడందే కొత్తది ఇంట్లోకి తేరు."

అక్కది కొండ కింద పల్లపు ఊరు, ఆవిడకు అర్థం కాలేదు. నాకు అర్థమయ్యే చిరాకేసింది. మా కొండల్లో చోడి గానీ, కంది గానీ, చిక్కుడు గానీ, మామిడి గానీ, కొత్త పంట ఏదొచ్చినా కొత్తల పండగ కానిదే ఎవరూ నోట పెట్టరు. మేం చర్చికి పోయేవాళ్లమయ్యాక మొదటి కంకులు తీసుకెళ్లి అక్కడ పీఠం దగ్గర పెడతాం. ఇంటికొచ్చాక జరిగేది మాత్రం మారలేదు. ఇంటి పెద్ద ముందు ఒక ముద్ద తిని, బాగుందంటే, తన చేత్తో మిగిలినవాళ్లకు తలా ఒక ముద్ద పెడతాడు. అప్పటిదాకా ఆకలేసినా ఆగాల్సిందే. చిన్నప్పుడు నేను ఆగలేక కొత్త చిక్కుడుకాయలు దొంగతనంగా కాల్చుకుతిని వీపు చిట్లగొట్టించుకున్నాను. కానీ పండగ తిండికి కదా, కంప్యూటరుకు ఎక్కడిది?

అక్క మాత్రం లేచి తన కుర్చీ ఇచ్చింది. అయ్య కూర్చుని, క్యాప్ తీసి, తన పాటలున్న చోటు వెతుక్కుని కలుపు పాట తెరిచాడు.

తెర నిండా పిచ్చి గీతలు. నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, తలకిందులైన ప్రశ్న గుర్తులు, డాలరు బొమ్మలు. ఇంకో పాట తెరిచాడు. అదీ అంతే. ఇంకోటి. తర్వాత తెరవడం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది మాయమ్మ పాట కాదు," అన్నాడు.

ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టుకుని లేచిపోయాడు. ఇంటికెళ్లి విండోస్‌లో తెరిస్తే పాటలన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. అయినా ఆ మర్నాడు అయ్య రాయలేదు. ఆ తర్వాతా రాయలేదు. పొయ్యి రాజేసేవాడు, కాఫీ తాగేవాడు, మూసి ఉన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వలిసె పూల చేనుకేసి చూసేవాడు. రోజుకొక పాట గుర్తుండే మనిషి రోజుకొకటి మరిచిపోతున్నాడేమోనని నాకు అన్నం సయించలేదు. ఆ వారమంతా బడిలో పిల్లల్ని ఊరికే కసిరాను.

అక్కతో దెబ్బలాడదామనే వెళ్లాను. ఆవిడ అప్పటికే దీనిమీద తల బద్దలుకొట్టుకుని ఉంది, కాబట్టి నా దెబ్బలాటకు చోటు దొరకలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పిందేమిటంటే, ఆ పాత టైపింగు ఏర్పాటు తెలుగు అక్షరాలను దాచుకోదు. లోపల దాచుకునేవి ఇంగ్లీషు గుర్తులే, పైన తెలుగు వేషం కడుతుంది. ఆ వేషం తెచ్చే ఫాంటు, అంటే అక్షరాల అచ్చు, లేనిచోట అసలు మొహం బయటపడుతుంది. మేం పరీక్ష చేసింది మా తెలుగు, అయ్య తెలుగు కాదు. పైగా ఈ ఫాంటు రేపెప్పుడైనా పోతే విండోస్‌లోనైనా అదే గతి. పాటల్ని అసలు సిసలు తెలుగు అక్షరాల్లోకి, అంటే యూనికోడ్‌లోకి, మార్చుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఆ సాయంత్రం అక్క స్వయంగా మా ఇంటికొచ్చి పొయ్యి పక్కన పీట మీద కూర్చుని అయ్యకు ఇదంతా చెప్పింది. అయ్య చాలాసేపు కొరకంచు కదుపుతూ విన్నాడు. ఆఖరికి నవ్వాడు, ఆ వారంలో మొదటిసారి.

"అంటే నా పాటలికి గ్నానస్నానం ఇప్పించాలన్నమాట. లోపలినుంచి మారాలి."

అంతేనంది అక్క. ఉపదేశి పనిలోకి దిగిపోయాడు.

మార్చే పని చాలావరకు యంత్రమే చేస్తుంది. కానీ ఒత్తుల దగ్గర తడబడుతుంది, దీర్ఘాలు మింగేస్తుంది. తెలుగైతే నేను దిద్దగలను, ఇది కొండ ఒడియా, ఏది తప్పో నాకేం తెలుసు? అందుకని సాయంత్రాలు అయ్య పాత తెర చూసి మాట మాట చదివేవాడు, నేను అక్క నా ఫోన్లో పెట్టిచ్చిన కొత్త ప్రతిలో దిద్దేదాన్ని. దిద్దింది నేను తిరిగి చదివితే అయ్య కడుపు పట్టుకుని నవ్వేవాడు. మర్యాదైన మాటను నేను బూతుగా పలికానట. చేతికందిన చోడి గడ్డి పరక విసిరాను. అయినా ఆ సాయంత్రాలు నాకు బడి కంటే బాగున్నాయి.

తర్వాత మీటల సంగతి. లినక్స్‌లో ఏ మీట ఏ అక్షరం ఇవ్వాలో మనమే చెప్పుకోవచ్చట. అయ్య అంటించిన కాగితాల ప్రకారం చెప్పుకుంటే ఆయన వేళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. నేను మీట మీట చూసి అక్కకు చెబుతుంటే రెండు చోట్ల అయ్య కాగితాలు తారుమారుగా అంటించాడని తేలింది. ఒకటి చూసి ఇంకోటి నొక్కడం ఇన్నేళ్లూ అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు సరిచేద్దామంటే అయ్య ఒప్పుకోలేదు. "ఉండనీయండి. అది నా ఏళ్లకి తెలిసిన తప్పు." అక్క నుదురు కొట్టుకుని, ఆ తప్పును కూడా జాగ్రత్తగా కొత్తదాంట్లో పెట్టింది.

దిద్దిన పాటలు మళ్లీ రెండు పెన్ డ్రైవ్‌లలోకీ ఎక్కాయి, ఒకటి మళ్లీ ఆనపకాయ బుర్రలోకి పోయింది. మళ్లీ శనివారం, మళ్లీ మంచు, మళ్లీ తువ్వాలు. ఈసారి ఎవరూ చెప్పకుండానే అక్క కుర్చీ అయ్యవైపు తిప్పింది. అయ్య పెన్ డ్రైవ్ మీంచి నడిచే లినక్స్‌లో కలుపు పాట తెరిచాడు. పెదవులు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఇంకో రెండు పాటలు చూశాడు. తర్వాత రెండు చూపుడు వేళ్లతో ఏదో ఒక ముక్క టైపు చేశాడు, ఆయన వేళ్లకు తెలిసిన ఆ తప్పు మీటలతో సహా అక్షరాలు అనుకున్నట్టే వచ్చాయి.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు అక్కతో. "ఎక్కించమ్మా."

విండోస్ చెరుగుతుంటే అయ్య క్యాప్ తీసి తల వంచుకున్నాడు. ఇన్నాళ్లు పనిచేసిన వస్తువు కదా అన్నాడు తర్వాత. తెర కింద గీత సగానికి చేరిందో లేదో గది దీపాలు ఆరాయి. ఇన్వర్టరు కీచుమంది, గీత మాత్రం ఆగకుండా పాకుతూనే ఉంది. అక్క కళ్లజోడు మీంచి నావైపు చూసింది, పెసరట్టు మాట గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి అయ్య పొయ్యి ముందు అయోమయంగా నిలబడి ఉన్నాడు. మీట నొక్కాడు, అగ్గిపుల్ల గీశాడు, వెనక్కి తిరిగేసరికి ల్యాప్‌టాప్ తయారు. ఇంత బేగి లేచి కూర్చుంటే మనిషి కాఫీ ఎప్పుడు తాగుతాడని సణిగాడు. పొయ్యి అలాగే వదిలేసి కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నేనే లేచి పొయ్యి రాజేశాను. టక్కు, టక్కు అని ఆ రెండు వేళ్ల చప్పుడు వింటూ నీళ్లు కాగబెట్టాను, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

రాయడం అయ్యాక ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. కలుపు పాట. దాన్నే మళ్లీ మొదటినుంచి తన చేత్తో రాశాడు. రాని ఆ చరణం చోట ఖాళీ వదిలాడు.

"నాను రుసి సూసాను. ఇప్పుడు నువ్వు."

నాకు అర్థం తెలియదన్నాను. చదవమన్నాడు. చదివాను, మొదటి చరణం తడుముకుంటూ, రెండోది కొంచెం నయంగా. నాన్నమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది, ఆవిడ గొంతు నేను వినలేదు. ఆవిడ మాటలు నా నోట్లోంచి వస్తుంటే మూడో చరణం తడుముకోకుండా చదివేశాను. ఖాళీ చోటికి వచ్చి ఆగాను. అయ్య కళ్లు మూసుకుని ఆ చరణం పొడుగంతా తల ఊపి, అది అయిపోయినట్టుగా, తర్వాతది అందుకోమని చెయ్యి చూపాడు. అందుకున్నాను.

అయిపోయాక అయ్య లేచి ఆనపకాయ బుర్రకేసి ఒకసారి, ల్యాప్‌టాప్‌కేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశాడు.

"ఇత్తనం ఇంకో ఇంట్లో కూడా దాసినట్టే," అన్నాడు, నా గ్లాసులో కాఫీ పోస్తూ.